పార్సెల్ చీటీకి ప్రతిపదార్థం

అవతారిక

క్రీస్తుశకం 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో, చినగంజాం దగ్గర ఉంది ఆ ఊరు. తుఫానుకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట అలా జరగదనీ, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమనీ గణపతిదేవుడు సముద్ర వర్తకులకు మాటిచ్చాడు. సుంకం ముప్పయ్యో వంతని రాతి మీద చెక్కించాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, మిరియాలు, ఇలా ఏ సరుకు మీద ఎంతో వరసగా రాయించాడు. సుంకం పోలేదు. కానీ ఎంత కట్టాలో ముందే తెలిసింది. వర్తకుడికి ధైర్యం వచ్చింది.

విజయవాడ నుంచి విదేశీ షాపులో సైకిలు భాగం ఆర్డరు పెట్టే మనిషికి ఈనాడు కావలసింది కూడా ఆ ధైర్యమే. మామూలు సైకిలుకు మన ఊళ్లో కొరత లేదు. టైరు, ట్యూబు, స్పోకులు, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు వీధి చివర షాపులోనే దొరుకుతాయి. ఇబ్బంది గేర్ల సైకిలుతో మొదలవుతుంది. పదకొండు చక్రాల క్యాసెట్టు, దానికి సరిపడే సన్న చైను, డిస్కు బ్రేకు ప్యాడ్లు, ఫలానా కొలత బాటమ్ బ్రాకెట్టు కావాలంటే షాపతను కంపెనీకి రాసి వారాల తరబడి ఎదురుచూడాలి. తెల్లవారుజామున బందరు రోడ్డెక్కేవాళ్లకు, కాలవ గట్ల దుమ్ములో తిరిగేవాళ్లకు, దివిసీమ ఉప్పుగాలిలోకి వెళ్లొచ్చేవాళ్లకు ఇవి తరచూ అరిగిపోయే భాగాలు. అందుకే చూపు విదేశాల వైపు మళ్లుతుంది. ఒకప్పుడు బ్రిటన్‌లోని చైన్ రియాక్షన్ సైకిల్స్, విగుల్ మన సైక్లిస్టుల నోళ్లలో నానిన పేర్లు. 2023లో ఆ రెండు పేర్లనూ నడిపిన సంస్థ దివాలా తీసింది. 2020 నవంబరులో అలీఎక్స్‌ప్రెస్‌ను కేంద్రం నిషేధించింది. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి జర్మనీ షాపుల పేర్లు.

ఆర్డరు పెట్టడం సులువే. కొన్నాళ్లకు కొరియర్ వాళ్ల నుంచి ‘సుంకం కట్టండి’ అని సందేశం, దానితో ఒక చీటీ వస్తాయి. చాలామంది చివరి అంకె చూసి బెంబేలెత్తుతారు, లేదా చదవకుండానే కట్టేస్తారు. ఆ చీటీలో ప్రతి మాటకూ చట్టంలో ఆధారం ఉంది. చదవడం నేర్చుకుంటే దాన్ని ఆర్డరుకు ముందే మనమే రాసుకోవచ్చు. ఈ వ్యాఖ్యానం అందుకే.

మూలం

అర్థం తేలడానికి ఒక నమూనా తీసుకుందాం. జర్మనీ షాపులో క్యాసెట్టు, పెడల్స్ కలిపి 119 యూరోలు. రవాణా 20 యూరోలు. లెక్క సులువు కోసం యూరో వంద రూపాయలనీ, బేసిక్ డ్యూటీ 20 శాతమనీ అనుకుందాం. మీ పార్సెల్ వచ్చిన నాటి రేట్లు మీరు చూసుకోవాలి.

సరుకు విలువ: రూ. 10,000
రవాణా: రూ. 2,000
బీమా: రూ. 112.50
అసెసబుల్ వాల్యూ: రూ. 12,112.50
బేసిక్ కస్టమ్స్ డ్యూటీ: రూ. 2,422.50
సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి: రూ. 242.25
ఐజీఎస్టీ: రూ. 738.86
మొత్తం సుంకం: రూ. 3,403.61

సరుకు విలువ

షాపు ఇన్‌వాయిస్‌లో రాసిన ధర ఇది. 119 యూరోలు 10,000 రూపాయలు ఎలా అయ్యాయి? జర్మనీలో అమ్మకపు పన్ను, అంటే వ్యాట్, 19 శాతం. సరుకు ఇండియాకు ఎగుమతి అయితే ఆ పన్ను వర్తించదు. చిరునామాలో ఇండియా అని పెట్టగానే 119 కాస్తా 100కి దిగాలి. బ్రిటన్‌లో వ్యాట్ 20 శాతం కాబట్టి అక్కడ 120 ఉన్నది 100 కావాలి. దిగకపోతే ఆ షాపు మీ దగ్గర పరాయి దేశపు పన్ను వసూలు చేస్తోందన్నమాట. దాని మీద మళ్లీ మన సుంకం పడుతుంది. డబ్బు కట్టకముందు మొదట చూడాల్సిన గడి ఇదే.

‘విలువ తగ్గించి రాయమంటే రాస్తారు’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. రాసిన విలువ మీద అనుమానం వస్తే దాన్ని తోసిపుచ్చే అధికారం 2007 నాటి కస్టమ్స్ విలువ నిర్ధారణ నిబంధనలు అధికారికి ఇచ్చాయి. అబద్ధపు విలువతో వచ్చిన సరుకును జప్తు చేయవచ్చు, జరిమానా వేయవచ్చు. పార్సెల్ దారిలో పోతే పరిహారం కూడా ఆ తగ్గించిన విలువకే వస్తుంది.

అసెసబుల్ వాల్యూ

సుంకం సరుకు ధర మీద మాత్రమే పడుతుందనుకోవడం చాలామంది చేసే పొరపాటు. 1962 కస్టమ్స్ చట్టం 14వ సెక్షను ప్రకారం సరుకు ధరకు మన దేశం చేరేదాకా అయిన రవాణా, బీమా కలిపి ఆ మొత్తం మీద లెక్క కడతారు. విమానంలో వచ్చే సరుకుకు రవాణా ఖర్చు ఎంతైనా, ధరలో 20 శాతానికి మించి కలపకూడదు. బీమా ఎంతో తెలియకపోతే 1.125 శాతం వేస్తారు. నమూనాలోని 112 రూపాయల 50 పైసలు అలా వచ్చినవే. గతంలో దీనికి ఒక శాతం దిగుమతి చార్జీ కూడా కలిపేవారు. 2017లో దాన్ని తీసేశారు.

యూరోను రూపాయల్లోకి మార్చేది మీ బ్యాంకు రేటుతో కాదు, కస్టమ్స్ శాఖ ప్రకటించే రేటుతో. అందుకే చీటీలోని విలువకూ కార్డు స్టేట్‌మెంట్‌కూ కొంచెం తేడా ఉంటుంది. కార్డు వాళ్లు విదేశీ కొనుగోలు మీద విడిగా తీసుకునే రుసుము వేరు. దాన్నీ మీ మొత్తం లెక్కలో వేసుకోవాలి.

8714

చీటీలో సరుకు పేరు పక్కన ఒక సంఖ్య ఉంటుంది. మొత్తం సుంకాన్ని నిర్ణయించేది అదే. 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం లోకంలోని సరుకులన్నిటికీ సంఖ్యలిచ్చింది. పూర్తి సైకిలు 8712. భాగాలు 8714. అందులో ఫ్రేములు, ఫోర్కులు 91, రిమ్ములు, స్పోకులు 92, హబ్బులు, ఫ్రీవీలు పళ్లచక్రాలు 93, బ్రేకులు 94, సీట్లు 95, పెడళ్లు, క్రాంకు సామాను 96, మిగతావి 99.

అయితే సైకిలుకు బిగించేదంతా 8714 కాదు. టైరు రబ్బరు సామాను కింద 4011లోకి, ట్యూబు 4013లోకి వెళ్తాయి. రోలర్ చైను ఇనుప సామాను కింద 7315లోకి పోతుంది. క్యాసెట్టు, చైను ఒకే డబ్బాలో వచ్చినా వాటి వరసలు వేరు, రేట్లు వేరు కావచ్చు. ఇన్‌వాయిస్‌లో ‘సైకిలు సామాను’ అని ఒక్క ముక్క రాస్తే వర్గీకరణ ఇష్టమొచ్చినట్టు సాగుతుంది. ఏ వస్తువుకు ఆ వస్తువు పేరు, ధర విడిగా రాసిన ఇన్‌వాయిస్ పార్సెల్ మీద ఉండాలని షాపును అడగండి.

9804

కొన్ని చీటీల్లో 8714 బదులు 9804 కనిపిస్తుంది. సొంత వాడకానికి పోస్టులోనో విమానంలోనో తెప్పించుకున్న వస్తువులన్నిటినీ ఒకే గాటన కట్టే పద్దు ఇది. జీఎస్టీ వచ్చిన కొత్తలో దీని మీద ఐజీఎస్టీ 28 శాతం ఉండేది. అదే సైకిలు భాగాల మీద 12 శాతం. ఒకే క్యాసెట్టు ఏ పద్దులో పడిందన్నదాన్ని బట్టి ఒకరికి ఒక మొత్తం, పక్కవారికి మరో మొత్తం వచ్చేది ఇందువల్లే. 2026-27 బడ్జెట్‌లో సొంత వాడకపు వస్తువుల మీద కస్టమ్స్ రేటును 20 శాతం నుంచి 10కి తగ్గిస్తున్నట్టు ఆర్థిక మంత్రి ప్రకటించారు. తేడా తగ్గుతోంది, పోలేదు. చీటీలో ఏ సంఖ్య వేశారో చూడటం మాత్రం మానకూడదు.

మన కృష్ణా డెల్టా చరిత్రలోనే దీనికి ఒక పాఠం ఉంది. 1611లో బందరులో స్థావరం పెట్టిన ఇంగ్లీషు కంపెనీకి 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఒక ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 పగోడాలు కడితే చాలు, తన రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చన్నాడు. మోటుపల్లి రాత ఏ దేశపు వర్తకుడికైనా వర్తించేది. బందరు ఫర్మానా ఒక్కరికే దక్కిన వెసులుబాటు. పన్ను న్యాయంగా ఉండాలంటే అంకె చిన్నదైతే సరిపోదు, ఒకే సరుకుకు అందరికీ ఒకే లెక్క ఉండాలి. సొంతానికి ఒక జత పెడల్స్ తెప్పించుకునే ఉద్యోగికీ, వంద జతలు తెప్పించే వ్యాపారికీ ఒకే పద్దు వర్తించాలని నేను గట్టిగా కోరుకుంటాను.

బేసిక్ కస్టమ్స్ డ్యూటీ

అసలు సుంకం ఇది. విదేశీ సరుకు ధరను పెంచి ఇక్కడి తయారీని కాపాడటం దీని ఉద్దేశం. పూర్తి సైకిళ్ల మీద 2023 బడ్జెట్‌లో దీన్ని 30 నుంచి 35 శాతానికి పెంచారు. లుధియానాలో వేల కుటుంబాలు సైకిలు పని మీద బతుకుతున్నాయి కాబట్టి ఆ కాపుదల అర్థమవుతుంది. పదకొండు చక్రాల క్యాసెట్టు సంగతి వేరు. ఆ స్థాయి సరుకు ఇంకా ఎక్కువగా జపాన్, తైవాన్ కంపెనీల నుంచే వస్తోంది. ఇక్కడ తయారవుతున్నదానికీ, ఇంకా తయారు కానిదానికీ తేడా చూసి రేటు పెట్టాలన్నది నా అభిప్రాయం.

సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జి

సరుకు విలువ మీద పది శాతం అనుకుని కంగారు పడేవాళ్లు ఉన్నారు. ఇది సుంకం మీద సుంకం: బేసిక్ డ్యూటీలో పదో వంతు. నమూనాలో 2,422కు 242. అంతకుముందున్న విద్యా సెస్సుల స్థానంలో 2018లో వచ్చింది.

ఐజీఎస్టీ

2017 జూలై 1 నుంచి దిగుమతుల మీద పడుతున్న పన్ను. అసెసబుల్ వాల్యూ, బేసిక్ డ్యూటీ, సర్‌చార్జి మూడూ కలిపిన మొత్తం మీద దీన్ని లెక్కిస్తారు. నమూనాలో 14,777 రూపాయల 25 పైసల మీద 5 శాతం. సైకిళ్ల మీద, వాటి భాగాల మీద 12గా ఉన్న రేటు 2025 సెప్టెంబరు 22 నుంచి 5కి దిగింది. ఆ తేదీ తరువాత కూడా 8714 పద్దులోని మీ సరుకు మీద 12 వేశారంటే ప్రశ్నించాలి.

జీఎస్టీ నమోదున్న షాపు యజమానికి ఈ పన్ను క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. విడిగా కొన్నవారికి రాదు. అయితే షాపు మీకు అమ్మేటప్పుడు మళ్లీ జీఎస్టీ వేస్తుంది. నలుగురు సైక్లిస్టులు కలిసి ఊళ్లో నమ్మకమైన షాపు ద్వారా తెప్పించుకుంటే కొరియర్ రుసుమైనా పంచుకోవచ్చు. షాపూ బతుకుతుంది.

గిఫ్ట్

గతంలో 5,000 రూపాయల లోపు బహుమతులకు సుంకం ఉండేది కాదు. ఆ మినహాయింపును ఆన్‌లైన్ అమ్మకందార్లు విచ్చలవిడిగా వాడుకున్నారు. 2019 డిసెంబరు 12న కేంద్రం ఆ దారి మూసేసింది. ప్రాణరక్షక మందులకు, రాఖీలకు తప్ప పోస్టు, కొరియర్ బహుమతులకు ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. డబ్బా మీద ‘గిఫ్ట్’ అని రాయించుకోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, అనుమానం తప్ప.

కంట్రీ ఆఫ్ ఆరిజిన్

సరుకు పుట్టిన దేశం. కొన్న దేశం కాదు. జపాన్‌తో మనకు 2011 నుంచి వాణిజ్య ఒప్పందం అమల్లో ఉంది. బ్రిటన్‌తో 2025 జూలైలో సంతకాలయ్యాయి. బ్రిటన్ షాపులో కొన్నంత మాత్రాన తైవాన్‌లో తయారైన పెడల్‌కు బ్రిటన్ రాయితీ రాదు. పైగా రాయితీకి పుట్టుక ధ్రువపత్రం కావాలి. చిల్లర పార్సెల్‌తో దాన్ని ఎవరూ పంపరు. ఆ ఆశ పెట్టుకోకుండా లెక్క వేసుకోవడం మంచిది.

కేవైసీ

సొంత వాడకానికి తెప్పించుకుంటే ఎగుమతి దిగుమతి కోడు అక్కర్లేదు, పాన్, ఆధార్ వంటి గుర్తింపు చాలు. వాటిని కొరియర్ సంస్థ అధికారిక సైటులోనే ఎక్కించండి. ‘కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, ఫలానా ఖాతాలో డబ్బు వేయండి’ అని ఫోను వస్తే అది మోసం. సుంకం వ్యక్తిగత ఖాతాలోకి ఎన్నడూ పోదు. 2019 నుంచి శాఖ పంపే ఉత్తరాలకు డిన్ అనే సంఖ్య ఉంటుంది. అది నిజమైనదో కాదో కస్టమ్స్ బోర్డు సైటులో సరిచూసుకోవచ్చు.

విజయవాడలో కస్టమ్స్ ప్రివెంటివ్ కమిషనరేటు ఉన్నా, కొరియర్ పార్సెల్ మదింపు జరిగేది అది దిగిన విమానాశ్రయంలో. అందుకని ఊళ్లో ఆఫీసు చుట్టూ తిరిగితే ఫలితం ఉండదు. కొరియర్ వాళ్ల దగ్గర బిల్ ఆఫ్ ఎంట్రీ (దిగుమతి పత్రం) నంబరు, దాని ప్రతి తీసుకోండి. మాట్లాడటానికి అదే ఆధారం.

క్లియరెన్స్ ఫీజు

ఇది ప్రభుత్వానికి వెళ్లే డబ్బు కాదు. మీ తరఫున సుంకం ముందుగా కట్టి, కాగితాలు నడిపినందుకు కొరియర్ సంస్థ తీసుకునే రుసుము, దాని మీద జీఎస్టీ. చిన్న పార్సెల్ మీద ఇదే భారమవుతుంది. వెయ్యి రూపాయల బ్రేకు ప్యాడ్లకూ, పదివేల క్యాసెట్టుకూ కనీస రుసుము ఒకటే అయినప్పుడు విడివిడిగా తెప్పించడం దండగ. ‘డీడీపీ’ అని రాసి ఉంటే సుంకమంతా షాపే ముందు వసూలు చేసి కడుతుంది, గుమ్మంలో మళ్లీ కట్టక్కర్లేదు. ‘డీఏపీ’ అంటే సుంకం మీదే.

డెమరేజి, రిఫండ్

డబ్బు కట్టడం ఆలస్యమైతే గోదాము అద్దె పెరుగుతుంది. 30 రోజుల్లో విడిపించకపోతే సరుకును అమ్మే వీలు చట్టం కల్పించింది. మదింపు తప్పని తోస్తే 60 రోజుల్లోగా కమిషనర్ అప్పీల్స్‌కు వెళ్లవచ్చు. సరుకు లోపంతో వచ్చినా, ఆర్డరు చేసినది కాకపోయినా, వాడకుండా తిప్పి పంపితే కట్టిన సుంకం వాపసు కోరడానికి 26ఎ సెక్షను ఉంది. దానికి గడువు మొదట 30 రోజులే కాబట్టి డబ్బా విప్పిన రోజే కొలతలు సరిచూసుకోవాలి.

తాత్పర్యం

ఆర్డరు బటన్ నొక్కే ముందు కాగితం మీద ఐదు అంకెలు వేయండి: వ్యాట్ తీసేసిన ధర, రవాణా, బీమా, మీ సరుకు పడే పద్దు ప్రకారం సుంకం, కొరియర్ రుసుము. ఆ మొత్తాన్ని ఊళ్లో షాపతను చెప్పిన ధరతో పోల్చండి. తేడా కొద్దిగానే ఉంటే షాపులోనే కొనండి. వారంటీ ఉంటుంది, బిగించే చెయ్యీ ఉంటుంది. తేడా బాగా ఉంటే నిశ్చింతగా తెప్పించుకోండి. చీటీ వచ్చినప్పుడు మీ కాగితంతో గడి గడీ సరిచూడండి. సరిపోతే వెంటనే కట్టండి. సరిపోకపోతే ఏ గడిలో, ఎందుకు అని రాతపూర్వకంగా అడగండి. లెక్క తెలిసి అడిగిన ప్రశ్నకు జవాబివ్వడం వసూలు చేసేవారి బాధ్యత.