పరిచారికా విద్యయు, అంత్యకాల శుశ్రూషయు



మన గ్రామములలో వృద్ధుడు మంచము పట్టినప్పుడు ఇంటివారు మొదట విచారించునది అన్నపానములను గూర్చియే. మూత్రము మాట యెవ్వరును ఎత్తరు. సిగ్గు అడ్డము వచ్చును. పొత్తికడుపు బిగిసి, చెమటలు పట్టి, రాత్రి యంతయు మూలుగుచున్నవానికి తులసితీర్థము పోసినను శాంతి యెట్లు కలుగును? ఆ బాధను తీర్చు విద్య మన సీమకు వచ్చిన చరిత్రమే నేటి ప్రసంగ విషయము.

మూత్రబంధమును మన పూర్వు లెరుగకపోలేదు. మూత్రమార్గమున దూర్చు నాళికయు, అశ్మరిని కోసి తీయు విధానమును సుశ్రుతసంహితలో వర్ణింపబడినవి. వైద్యుడు, రోగి, ఔషధములతోపాటు పరిచారకుడును చికిత్సకు నాలుగవ పాదమని ఆ శాస్త్రమే చెప్పినది. అయినను పరిచర్యను పాఠశాలలో నేర్పు పద్ధతి లోకమున స్థిరపడినది 1860లో, లండను నగరమున ఫ్లారెన్సు నైటింగేలు పేరిట విద్యాలయము వెలసిన పిమ్మటనే.

సంగారెడ్డి అప్పుడు నిజాము రాజ్యములోనిది. పందొమ్మిదవ శతాబ్దాంతమున వెస్లియను మిషనువారు మెదకును కేంద్రముగా జేసికొని వైద్యసేవ సాగించిరి. హైదరాబాదున ఉస్మానియా ఆసుపత్రి 1925లో నెలకొన్నది. ఇట్లు వైద్యశాలలు లేచెను గాని పరిచారికలేరీ? 1946లో భోరు సంఘమువారు బ్రిటిషు ఇండియాలో నర్సులు 7,000 మంది మాత్రమే యనియు, సుమారు 43,000 మంది ప్రజలకు ఒక్కతె యనియు లెక్క తేల్చిరి. ఆడుపిల్లను పరుల మలమూత్రము లెత్తుటకు పంపుదుమా యని కులపెద్దలు పలికిన కాలమది! ఆ పెద్దలే రేపు మంచము పట్టువారని వారికి తోచలేదు కాబోలు. 1947 చివర నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చి ఈ విద్యకు దేశమంతట ఒక ప్రమాణ మేర్పడెను.

ఇక గొట్టము సంగతి. 1930 తరువాత అమెరికా వైద్యుడు ఫోలే, కొనను చిన్న బుడగ గల రబ్బరు నాళమును ప్రచారమునకు దెచ్చెను. లోపల బుడగ ఉబ్బుటచే అది జారిపడదు. సుఖమే, కాని అపాయమును దాని వెంటనే యున్నది. గొట్టమున్న ప్రతిదినమును నూటికి మూడు మొదలు ఏడుగురి మూత్రమున క్రిములు చేరునని పరిశోధకులు కనుగొనిరి. చేతులు కడిగికొని గొట్టమును ముట్టుట, సంచిని మూత్రాశయమునకు దిగువగా వ్రేలాడదీయుట, సంచిని నేల తగులనీయకుండుట, అక్కర తీరినంతనే గొట్టము తీసివేయుట, ఇవియే పరిచారికా విద్యలోని సారము. పటాన్‌చెరువు కార్ఖానాలలో కొడుకు రాత్రి షిఫ్టునకు పోయినచోట కోడలొక్కతెయే దీనిని చూచుకొనవలసి యుండును. ఆమెకు నేర్పువారెవరు? నర్సే నేర్పవలెను.

మరణాసన్నుల శుశ్రూషకు శాస్త్రరూప మిచ్చిన సిసిలీ సాండర్సు తొలుత నర్సే. పిదప వైద్యురాలై 1967లో లండనున సెంటు క్రిస్టఫరు ఆశ్రమమును స్థాపించెను. మనదేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన నొప్పిమందైన మార్ఫీను దుర్లభమయ్యెను. 2014లో ఆ నిబంధనలు సడలినవి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఈ శుశ్రూష ఈ శతాబ్దారంభ దశకములోనే మొదలైనది. 2022లో సంగారెడ్డికి ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది.

అంత్యదశలో యంత్రముల నాశ్రయింప నొల్లనని ముందుగా వ్రాసియుంచు హక్కును 2018లో సుప్రీముకోర్టు అంగీకరించెను. 2023లో ఆ విధానమును సులభపరచి, ఇద్దరు సాక్షులతో, నోటరీ యెదుటనో గెజిటెడు అధికారి యెదుటనో వ్రాయవచ్చు ననెను. యంత్రములను వలదన్నంత మాత్రమున శుశ్రూష ఆగదు. నొప్పిమందును, మూత్రబాధ తీర్చు గొట్టమును, దానిని శుచిగా నుంచు చేయియు కడపటి ఘడియ వరకు నుండవలసినవే.