చందుర్తి నుంచి నాలుగున్నర గంటలు, అక్కడి నుంచి ఇంకో నాలుగు

రాత్రి 8 గంటలు. దర్వాజ పైన వేలాడే స్ప్రింగు కాంటాకు అట్టపెట్టె తగిలించి అందరం ముల్లునే చూస్తున్నాం. అది 31 దగ్గర ఆగి వణుకుతోంది. టికెట్టు మీద ఉన్నది 30. చిన్నమ్మ ఏమీ అనకుండా ప్లాస్టిక్ తాడు ముడి విప్పి, సకినాల కింది నుంచి మామిడికాయ తొక్కు డబ్బా తీస్తుంది. "బిడ్డా, ఏర్‌పోర్టుల అడిగి సూడు. రానిస్తే పంపు," అని నా ఒళ్లో పెడుతుంది.

బండి కదులుతుంది. వేములవాడలో రాజన్న గుడి దిక్కు తిరిగి తమ్ముడు దండం పెడతాడు. గల్ఫు పోయేవాళ్ల పేరున అక్కడ ఒక కోడె మొక్కు బాకీ ఉండనే ఉంటుంది. సిరిసిల్ల, మానేరు వంతెన, తంగళ్లపల్లి. సిద్దిపేటలో రాజీవ్ రహదారి ఎక్కాక డ్రైవర్ పాటలు పెడతాడు, ప్రజ్ఞాపూర్‌లో చాయ్ ఆపుతాడు. శామీర్‌పేట దగ్గర ఔటర్ ఎక్కితే ఇక హైదరాబాద్‌ను ముట్టకుండా చుట్టూ తిరిగి శంషాబాదే. రెండొందల కిలోమీటర్ల పైచిలుకు, నాలుగున్నర గంటలు.

మా పెద్దనాయన బొంబాయి పోయి విమానం ఎక్కాడు. శంషాబాద్ 2008 మార్చిలో మొదలైంది కాబట్టి తమ్ముడికి ఆ తిప్పలు తెలియవు. దుబాయికి ఇక్కడి నుంచి సుమారు 2,550 కిలోమీటర్లు.

"అన్నా, 4:20కి లేస్తే 6:50కి దిగుడేనట. రెండున్నర గంటలేనా?"

కాదురా, నాలుగు. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. తిరుగు టికెట్టులో అదే గంటన్నర ఎదురొస్తుంది, ప్రయాణం అయిదు గంటలన్నట్టు కనిపిస్తుంది. కాగితం మీద పోవుడు దగ్గర, వచ్చుడు దూరం. పైన మాత్రం లెక్క తారుమారు: పడమటి గాలి వెనక నుంచి తోస్తే రావడానికే తక్కువ సేపు పడుతుంది. ఈ మాట చిన్నమ్మకు చెప్పాలి.

టికెట్టు, పాస్‌పోర్టు చూసి జవాను వాణ్ని లోపలికి పంపుతాడు. అద్దం వెనక పెట్టె నెట్టుకుంటూ పోయే వీపు కాసేపు కనబడుతుంది. పది నిమిషాలకు ఫోను: "కాంట సరిపోయిందన్నా. తొక్కు వద్దన్నరు."

విమానం లేచేదాకా కదలొద్దని చిన్నమ్మ ఆన. వాడు పది పాస్ కాలేదు, పాస్‌పోర్టు ఈసీఆర్. ఎమిగ్రేషన్ క్లియరెన్స్ లేకుంటే ఇమిగ్రేషన్ దగ్గరే తిప్పి పంపుతారు. అందుకని బండిలోనే పడుకుంటాం, పడుకున్నట్టు. 4 దాటాక "కూసున్న" అని ఒకే మాట వస్తుంది. డ్రైవర్ తాళం తిప్పుతాడు.

ఇప్పుడు రెండు బండ్లు ఒకేసారి బయల్దేరాయి. మేం సిద్దిపేట చేరేసరికి వాడు సముద్రం మీద ఉంటాడు. తంగళ్లపల్లిలో ఎండ కళ్లలో పడుతుంది. చందుర్తిలో మా చక్రాలు ఆగేసరికి 8:30, ఇంకా దిగకముందే చిన్నమ్మ చేతిలో ఫోను మోగుతుంది.

"దిగిన అమ్మా."

"ఎనిమిదిన్నర అయింది గదరా!"

"ఈడ ఇంక ఏడే."

ఆమె ఫోను చెవికి అట్లాగే ఆనించుకుని, రెండో చేత్తో నా ఒళ్లోంచి డబ్బా తీసుకుని, నూనె కారిందేమోనని మూత చుట్టూ వేలుతో తడుముతోంది.