ఏ డాక్టరవుతావమ్మా?

చిత్తూరు వాళ్ళకి జబ్బులు రెండే రకాలు. మాత్రతో పోయేవి, వేలూరుకు పోవలసినవి. డాక్టరుగారు కళ్ళజోడు సవరించుకుని "వేలూరుకు తీసుకుపోండి" అన్నారంటే చాలు, ఇంట్లో ఆడవాళ్ళు దేవుడి గూటి ముందు నిలబడి ముడుపు కట్టేస్తారు. దూరమా, గంట ప్రయాణం! కానీ ఆ మాటకున్న బరువు మరే ఊరి పేరుకీ లేదు.

నిజానికి వేలూరు మనకి పరాయిదేమీ కాదండోయ్. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తరార్కాటు జిల్లాలోవే. పైగా ఆ జిల్లాకి ముఖ్యపట్టణం మన చిత్తూరే! ఆ జిల్లాలోని రాణీపేటలోనే 1870లో ఐడా స్కడ్డర్ పుట్టింది. తాత, తండ్రి, పెదనాన్నలు, ఎటు చూసినా మిషనరీలే, డాక్టర్లే. ఈ పిల్లకి మాత్రం ఆ ఊసే గిట్టదు. అమెరికాలో చదువుకుని అక్కడే హాయిగా స్థిరపడిపోవాలని ఆశ.

తల్లికి జబ్బు చేసిందని 1890లో మళ్ళీ ఇక్కడికి రావలసి వచ్చింది. తిండివనంలో ఉండగా ఒకనాటి రాత్రి ఒకరి తరవాత ఒకరు ముగ్గురు తలుపు తట్టారు. ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముసల్మాను, మూడో ఆయన మరో హిందువు. ముగ్గురి ఇళ్ళలోనూ భార్యలకి కాన్పు కష్టమైంది. నాన్నగారు డాక్టరు, ఆయన వస్తారంటుంది ఈ అమ్మాయి. పరాయి మగవాడు మా ఆడవాళ్ళని చూడడానికి వీల్లేదంటారు వాళ్ళు. నాకు వైద్యం రాదు మొర్రో అంటుంది. వాళ్ళు వచ్చిన దారినే వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ పోయారని కబురు వచ్చింది.

ఆ భర్తల్ని రాక్షసులని తిట్టిపోయడం సులువు. అర్ధరాత్రి పరుగెత్తుకుంటూ వచ్చారంటే పెళ్ళాం మీద ప్రేమ లేకనా? ప్రేమ ఉంది, దాన్ని మించిన కట్టుబాటు కూడా ఉంది. మా అవ్వ కాలందాకా మంత్రసాని చేతిలో పని దాటిపోతే ఇక దేవుడే దిక్కు.

అలాగని ఆడవాళ్ళకి వైద్యకళాశాల తలుపులు అప్పటికి పూర్తిగా మూసి ఉన్నాయనుకోకండి. మద్రాసు వైద్యకళాశాలలో 1875లోనే నలుగురు స్త్రీలు చేరారు. వాళ్ళలో మేరీ షార్లీబ్ ఒకరు. ఆవిడనీ ఈ చదువుకి పురికొల్పింది మన ఆడవాళ్ళ పురిటి కష్టాలే. తలుపు తెరవడం వేరు, అందులోంచి లోపలికి వెళ్ళేవాళ్ళు ఉండడం వేరు.

ఐడా 1895లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చేరింది. కార్నెల్ విశ్వవిద్యాలయం ఆడపిల్లలకి వైద్యం చెప్పడం మొదలుపెట్టగానే అక్కడికి మారి 1899లో పట్టా పుచ్చుకుంది. ముందు ఏ రోగులకి వైద్యం చెయ్యాలో తెలుసుకుని, తరవాత దరఖాస్తు పెట్టుకున్న మనిషి! తీరా 1900లో వేలూరు వచ్చాక, కాన్పులు ఒక్కటే చూస్తానంటే కుదిరిందా? కంటి పొరలు తియ్యాలి, ప్లేగుతో పోరాడాలి, గుడియాత్తం దారిలో చెట్ల కింద కట్లు కట్టాలి. 1902లో మేరీ టేబర్ షెల్ ఆసుపత్రి కట్టినా ఒక్క మనిషి చేతులు ఎందరికని చాలుతాయి? అందుకే 1918లో ఆడపిల్లల కోసమే వైద్య పాఠశాల పెట్టింది. అప్పట్లో అక్కడ ఇచ్చేది ఎల్.ఎం.పి. డిప్లొమా. 1942లో ఎం.బి.బి.ఎస్. వచ్చింది. 1947లో మగపిల్లల్ని కూడా రానిచ్చారు. ఈ చివరి ముక్క చదివినప్పుడల్లా నాకు ఎంత హాయిగా ఉంటుందో!

ఆ కళాశాలవారు చాలా ఏళ్ళు ఒక పద్ధతి పాటించారు. పరీక్షలో నెగ్గిన పిల్లల్ని పిలిపించి, రోజుల తరబడి దగ్గర పెట్టుకుని, పనులు చేయించి, మాట్లాడించి, మనిషిని చూసి మరీ సీటిచ్చేవారు. ఇప్పుడేముంది, నీట్! 180 ప్రశ్నలు, 720 మార్కులు. డాక్టరు ఎందుకవుతావమ్మా అని అందులో ఎవరూ అడగరు. మాటకారితనం చూసో, సిఫారసు చూసో సీటిచ్చే బెడద లేదు, అదొక మేలు. కానీ అడిగితే బాగుండునని నాబోటి బి.ఏ. చదువులవాళ్ళకి అనిపిస్తుంది.

ఐడా 1960 మేలో కొడైకెనాల్‌లో కన్నుమూసింది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర వైద్యకళాశాల పుట్టింది ఆ ఏడాదే. 1993లో స్విమ్స్ వచ్చింది, 2014లో ఆడపిల్లలకే ప్రత్యేకంగా శ్రీ పద్మావతి వైద్యకళాశాల వచ్చింది. ఇక మన పిల్లలకి మద్రాసు రైలు ఎక్కే పని లేదు.

మా అన్న కూతురు ఇప్పుడు ఆ కాగితాల పని మీదే ఉంది. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా చదువు సర్టిఫికెట్లు, కులం కాగితం, ఫొటోలు... హాలంతా పరిచేసింది. తను గుండె డాక్టరవుతుందట. మా అమ్మ వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టింది. ఎం.బి.బి.ఎస్. అయిదున్నరేళ్ళు, ఎం.డి. మూడేళ్ళు, గుండెకి మళ్ళీ ఇంకో మూడేళ్ళు. నడుమ సీట్ల కోసం కాచుకునే ఏళ్ళు వేరే.

"అంటే ముప్పై దాటుతుంది కదే! కాన్పుల డాక్టరయితే ఎం.డి.తో సరిపోతుంది, ఆడపిల్లకి అదే మేలు" అంది.

"అవ్వా, ఇప్పుడు కాన్పులకి ఆడడాక్టర్లు ఉన్నారు కదా, గుండెకి ఎంతమంది ఉన్నారో చెప్పు" అంది అది, కాగితాల మీంచి తలెత్తకుండానే.

మా అమ్మ కాసేపు ఊరుకుంది. ఆ తరవాత నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది, "ఆ వేలూరు దొరసానికి పెళ్ళయిందా?"

"లేదమ్మా, చేసుకోలేదు" అన్నాను.

"అదీ సంగతి!" అని లోపలికి వెళ్ళి, మనవరాలికి కాఫీ కలిపి తెచ్చింది.