దయ్యానికో టీవీ

మా మనవరాలు మొన్న చదువు పుస్తకం పక్కన పడేసి, ఫోనులో ఏదో చూస్తూ ముక్కు ఎగబీలుస్తోంది. "ఏమిటే, ఎవరైనా పోయారా?" అన్నాను. "పోయినవాడే హీరో, అమ్మమ్మా!" అంది. 2019లో వచ్చిన థాయ్ సీరియల్‌ట, పేరు 'హీ ఈజ్ కమింగ్ టు మీ', మొత్తం ఎనిమిది భాగాలు. శ్మశానంలో ఓ సమాధి దగ్గరుండే దయ్యం, దాన్ని చూడగలిగిన ఒక్క కుర్రాడు. చిన్ననాటి ఆ స్నేహం పెద్దయ్యాక ప్రేమవుతుంది. "ఇద్దరూ మగపిల్లలే అమ్మమ్మా," అంది నెమ్మదిగా, నా మొహం చూస్తూ. దయ్యాన్నే ఒప్పుకున్నదాన్ని, దానికేం అభ్యంతరం చెప్పను?

కానీ దయ్యంతో ప్రేమ థాయ్ వాళ్ళకి కొత్తేం కాదు. పదేళ్ళ కిందట బాంకాక్ వెళ్ళినప్పుడు, అలాంటి ఓ దయ్యం గుడి నేను కళ్ళారా చూశాను. ఆవిడ పేరు మే నాక్.

కథ ఇదీ. బాంకాక్ శివార్లలో, ఫ్రా ఖనోంగ్ కాలవ ఒడ్డున, మాక్, నాక్ అనే ఆలుమగలుండేవారు. ఆవిడ కడుపుతో ఉండగా అతన్ని సైన్యంలోకి తీసుకుపోయారు. పురిటిలో తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. ఆ సంగతి తెలియని మాక్ తిరిగొచ్చేసరికి, భార్య చంకన బిడ్డతో గుమ్మంలో ఎదురొచ్చింది. కాపురం మామూలే! వంటా వార్పూ, బిడ్డకి జోలపాటా. ఇరుగుపొరుగులు చెప్పబోతే అతను నమ్మలేదు.

ఒకనాడు ఆవిడ కారం నూరుతోంది. అక్కడి ఇళ్ళు గుంజల మీద ఎత్తుగా కడతారు, నేలంతా చెక్కలే. చెక్కల సందులోంచి నిమ్మకాయ జారి కింద పడింది. మెట్లు దిగి ఏం వెడతాంలే అనుకుందో ఏమో, చెయ్యి అలా బారుగా సాచి కాయ అందుకుంది. అది మొగుడి కంటపడింది. మీరే చెప్పండి, వంటింట్లో సతమతమయ్యే మనలో ఎవరం అలాంటి చెయ్యి కావాలనుకోలేదు? పాపం, మాక్ మాత్రం పరుగో పరుగు, గుడిలో దూరాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న కోపంతో ఆవిడ ఊరిని హడలెత్తించింది. చివరికి మంత్రగాడు కుండలో బంధించాడని కొందరు, ఓ మహా భిక్షువు మంచి మాటలతో శాంతింపజేశాడని కొందరు చెబుతారు.

ఇంతవరకూ కథ. ఇక చరిత్ర చూద్దాం. 1899లో కె.ఎస్.ఆర్. కులాబ్ అనే పత్రికాసంపాదకుడు దీని గుట్టు విప్పానన్నాడు. మూడో రాముడి ఏలుబడిలో, అంటే 1824-51 మధ్య, ఫ్రా ఖనోంగ్‌లో నాక్ అనే కలిగినింటి ఆడపడుచు నిజంగానే ఉండేదట, కడుపుతోనే పోయిందట. ఆవిడ భర్త ముసుగు నాటకాలలో దశకంఠుడి వేషం కట్టేవాడట! మన రావణుడే అక్కడ 'తోత్సకాన్'. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆస్తి పంచుకోవలసి వస్తుందని కొడుకులే ఆడవేషం కట్టి, పడవల మీద రాళ్ళు రువ్వి, అమ్మ దయ్యమైందని పుకారు పుట్టించారట. కులాబ్ గారు చరిత్రలో కల్పన కలుపుతారని నింద మోసినవారే కనక, ప్రతి అక్షరం నమ్మనక్కరలేదు. కానీ ఆస్తి కోసం చచ్చిపోయిన అమ్మని దయ్యం చేయడం నమ్మలేని సంగతా?

1912లో నరాథిప్ యువరాజు ఈ కథని నాటకంగా ఆడించాడు. దాని పేరు 'ఈ నాక్'. థాయ్‌లో ఆడవాళ్ళ పేరుకి ముందు 'ఈ' తగిలిస్తే చులకన. మనం 'అదీ, ఇదీ' అన్నట్టు. తరవాత్తరవాత జనం నోట ఆవిడ 'మే నాక్' అయింది. 'మే' అంటే అమ్మ. సినిమాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయి. 1955లో ఆ దేశానికి టీవీ వచ్చాక సీరియళ్ళూ వచ్చాయి. 1999 నాటి 'నాంగ్ నాక్' సినిమా జనాన్ని ఏడిపించింది. 2013 నాటి 'పీ మాక్' నవ్వించి, వసూళ్ళలో అంతకుముందున్న థాయ్ సినిమాలన్నిటినీ దాటింది. అందులో మాక్ పారిపోడు! దయ్యమని తెలిసే, భార్యతో ఉండిపోతాడు. నూరేళ్ళకి మొగుడికి బుద్ధొచ్చిందన్నమాట.

ఆవిడ గుడి వాట్ మహాబుత్‌లో, ఆ కాలవ ఒడ్డునే ఉంది. బంగారు రేకులు అతికించిన బొమ్మ, వొళ్ళో బిడ్డ. చుట్టూ భక్తులు తెచ్చిన పట్టుబట్టలు, బిడ్డకి ఆటవస్తువులు. ఎదురుగా టీవీ, ఆవిడకి పొద్దుపోవడానికి! కడుపుతో ఉన్నవాళ్ళు సుఖప్రసవం కోరతారు. కొడుకులున్న తల్లులు మరొకటి కోరతారు. అక్కడ ఇరవయ్యొకటో ఏట కుర్రాళ్ళు సైన్యానికి చీటీ తీయాలి. నలుపొస్తే ఇల్లు, ఎరుపొస్తే సైన్యం. తన మొగుణ్ణి తీసుకుపోయినట్టు తమ పిల్లాణ్ణి తీసుకుపోకుండా చూడమని మొక్కుకుంటారు.

ఆ టీవీ చూసి అక్కడ నవ్వుకున్నాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

మా అమ్మమ్మకో చెల్లెలుండేదిట, తొలికాన్పులో పోయింది. మా చిన్నప్పుడు పెరటి బావివైపు సందెవేళ వెళ్ళనిచ్చేవారు కాదు, "అది తిరుగుతుందే" అని. ఇంట్లో పురుడొస్తే గుమ్మానికి వేపమండలు, మంచం కింద చీపురూ, ఇనపముక్కా. ఎవరు రాకుండా? ఆ పిల్లే! పదహారేళ్ళకి నొప్పులతో పోయిన పిల్లని చూసి మేం భయపడ్డాం గానీ, ఆ పిల్ల ఎంత భయపడి పోయిందో ఎవ్వరం అనుకోలేదు. ముత్తయిదువగా పోయినవాళ్ళని పేరంటాళ్ళని కొలిచే ఊళ్ళు మనకీ ఉన్నాయి. మా ఇంట్లో మాత్రం ఆ పిల్ల 'అది'గానే మిగిలిపోయింది.

సీరియల్ అయిపోయింది, మనవరాలు కళ్ళు తుడుచుకుంది. నేను ఊళ్ళో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశాను. ఎనభై దాటిన మనిషి. "పిన్నీ, చిన్నమ్మమ్మ పేరేమిటి?" అనడిగాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "ఎందుకే ఇప్పుడు?" అంది. తరవాత నెమ్మదిగా చెప్పింది.

చాలా చక్కటి పేరు. ఆ సాయంత్రం దీపం పెడుతూ మనవరాలికి చెప్పాను. అది రెండుసార్లు అనుకుని, నోటికి పట్టించుకుంది.