గ్రామ కైఫియతులు – కులచరిత్రకు ప్రమాణములు

ప్రతి వార్షిక సంచికయందును మన పూర్వుల ఘనతను వర్ణించు వ్యాసములు వెలువడుచునే యున్నవి. అవి మనకు ప్రీతికరములే. కాని యా ఘనతకు ప్రమాణమేమని యితరులడిగిన మనమేమి చూపగలము? పౌరాణికులు ఐతిహ్యమును ప్రత్యేక ప్రమాణముగా నంగీకరించిరి. నైయాయికులు దానిని శబ్దములోనే చేర్చి, చెప్పినవాడాప్తుడైననే గ్రాహ్యమనిరి. కులచరిత్ర వ్రాయువారికిని ఈ నియమమే శరణ్యము.

అట్టి పరీక్షకు దగిన సామగ్రి మన గుంటూరు, ఒంగోలు సీమలకు లేకపోలేదు. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) కంపెనీ కొలువున దేశమును కొలుచుచు, 1796లో ఏలూరివాడగు కావలి వెంకట బొర్రయ్యను సహాయునిగా గ్రహించెను. బొర్రయ్య 1803లో అకాలమరణము నొందగా సోదరుడు లక్ష్మయ్య యా భారము వహించెను. వీరి మనుష్యులు గ్రామగ్రామము దిరిగి, కరణముల యొద్దనున్న తాటాకు కవిలెలను జూచి, శాసనములకు ప్రతులెత్తి, వృద్ధుల మాటలు విని వ్రాసికొన్నవే కైఫియతులు. అవి జీర్ణించుచుండగా సి. పి. బ్రౌను దొర వానికి ప్రతులు వ్రాయించెను. మదరాసు విశ్వవిద్యాలయ ప్రాంగణమున చిరకాలమున్న ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున నవి రక్షింపబడెను. మూలములగు కవిలెలు చాలవరకు నశించినవి గావున, అనేక గ్రామముల పూర్వవృత్తాంతమునకు నేడివియే యాధారములు.

కైఫియతునందు గ్రామమెట్లు వెలసినది, ఆలయమెవరు గట్టించిరి, చెరువెవరు త్రవ్వించిరి, మాన్యములెవరివి, కరణికపు మిరాశి యే వంశమువారిది యను సంగతులుండును. ఇంటిపేరుతో సహా తన పూర్వుని పేరు గనబడినపుడు చదువరికి గలుగు నానందమింతింత గాదు. కాని యిచ్చటనే జాగరూకత వలయును. గోపరాజు రామన మంత్రి ఓరుగంటి ప్రభువుల కాలమున నియోగులకు కరణికములిచ్చెనను కథ అనేక కైఫియతులలో నించుమించుగ నొక్క మూసలోనే వచ్చును. ఊరూర నొకే రీతిగా నున్న కథ, అది నిజమనుటకంటె, మిరాశి హక్కును నిలుపుకొన గోరినవారికది యవసరమైయుండెననుటకే సాక్ష్యము. చెప్పినవారికి దానివలన లాభమున్నచో శాసనముతో సరిచూచుట మన విధి.

ఘనుల చరిత్రకును ఈ పరీక్ష తప్పదు. వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు మంగళగిరి నృసింహాలయమునకు 1807–09 నడుమ పదునొకండంతస్తుల గాలిగోపురము నెత్తించిరి. అమరావతిని నూతన నగరముగా గట్టించిరి. ఈ కీర్తిని మనమందరమెరుగుదుము. అయితే యా నగరమునకు రాళ్లకొరకే దీపాలదిన్నె త్రవ్వబడినది. పదునెనిమిదవ శతాబ్ది తుదిని మెకంజీ వచ్చి చూచునాటికే యా బౌద్ధస్తూపము భగ్నమై యుండెను. 1816లో రాజాగారు గతించిన పిమ్మట దత్తపుత్రుల వ్యాజ్యము లండను ప్రీవీ కౌన్సిలు దాక బోయెను. మొదటి దత్తపుత్రుడు జీవించియుండగా రెండవ దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చెను. ఆ తీర్పు రంగమ్మ, అచ్చమ్మ యను నిద్దరు స్త్రీల పేరిటనే న్యాయశాస్త్ర గ్రంథములలో నేటికిని చెలామణి యగుచున్నది. మన వంశవృక్షములలో స్త్రీలకు చోటుండదు. వ్యాజ్యపు కాగితములే వారి పేళ్లను దాచినవి.

మరి సర్కారు కాగితములు ఆప్తవాక్యములా? 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమయ్యెను. అప్పటినుండి 1848 వరకుగల దస్తరములను పరిశీలించి, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయాచార్యుడగు రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గు 1965లో నొక గ్రంథమును ప్రకటించెను. కలెక్టరు పైనున్నను, కచ్చేరీలోని శిరస్తాదారులును గ్రామములలోని కరణములును నిజమైన లెక్కలను దాచి, యధికారమును తమ చేత నుంచుకొనిరని యాతడు చూపెను. కావున వ్రాతను నమ్ముటకు ముందు వ్రాసిన చేయి యెవరిదో తెలిసికొనవలెను.

వ్రాత లేనివారి మాట యింకను కష్టము. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, డొక్కల కరవు గుంటూరు సీమను మాడ్చెను. జనములో దాదాపు మూడవవంతో, యంతకంటె నెక్కువయో నశించిరని యంచనా. కచ్చేరీ లెక్కలలో బాకీపడిన శిస్తు గ్రామవారీగా నున్నది. చచ్చిన కూలివాని పేరు లేదు, సాలెవాని పేరు లేదు. ఆ కరవు నేర్పిన పాఠమువలన బెజవాడ యానకట్ట 1855 నాటికి పూర్తియయ్యెను. మన కులచరిత్ర మాన్యములు గలవారి చరిత్ర మాత్రమే యైనచో, మన పూర్వులలో నధికసంఖ్యాకులను మనమే విస్మరించినవార మగుదుము.

ఇక మన కర్తవ్యము. 1984లో వంశపారంపర్య గ్రామాధికారములు రద్దైన పిమ్మట అనేక గృహములలో పాత చిట్టాలు, అడంగళ్లు, పట్టాలు అటకమీద చెదలకు నాహారమగుచున్నవి. ప్రత్తి, మిరప వర్తకముచేసిన యిండ్లలో దుకాణపు ఆవర్జాలును, పాలుపంపకపు కాగితములును గలవు. ఇల్లు పడగొట్టునపుడు వానిని తూకమునకు వేయుచున్నారు. నాడు కవిలెలు నశించినను కైఫియతులు మిగిలెను. నేడీ కాగితములు పోయిన, ప్రతి వ్రాసికొనుటకు మెకంజీ రాడు.

కావున మహాసభవారు మూడు పనులు చేయుట యుక్తము. ప్రతి తాలూకాకు నిద్దరు చదువరులను నియమించి యిండ్లలోని కాగితములకు పట్టిక వ్రాయింపవలెను. యజమానుల యనుమతితో ఛాయాచిత్రములు తీయించి, విశ్వవిద్యాలయమునకో రాష్ట్ర ప్రాచీనపత్ర భాండాగారమునకో యొక ప్రతి నొప్పగింపవలెను. అందు మనకు గౌరవమిచ్చునవియే గాక, అప్పులును, తగాదాలును, పాలేళ్లతో జేసికొన్న కరారులును గూడ చేర్చవలెను. అప్రియమగు కాగితమును దాచిన సంఘము చూపు ప్రియమగు కాగితమును ఎవరును విశ్వసింపరు.

పోషకమహాశయులు భోజనశాలకును వేదికకును చూపు నౌదార్యములో నొక భాగమును ఈ కార్యమునకు మరల్చిన, వచ్చు మహాసభనాటికి మన సంచికలో పొగడ్తలతోబాటు ప్రమాణములును నుండును. ఈ విన్నపమును సభవారు తీర్మానముగా గైకొందురు గాక.