ఇర్వింగ్‌లో మూతపడిన చిప్పుల కర్మాగారం

1998లో జపాన్ సంస్థ హిటాచీ టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తన సెమికండక్టర్ కర్మాగారాన్ని మూసివేసింది. మెమరీ చిప్పుల ధరలు కుప్పకూలిన రోజులవి. నేడు ఇర్వింగ్ పేరు చెబితే తెలుగువారికి స్ఫురించేవి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు, గాంధీ స్మారకం. ఆ ఊరి పరిసరాల్లో పదమూడేళ్ల వ్యవధిలో రెండుసార్లు మెమరీ పరిశ్రమ దెబ్బతిన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

మొదటి దెబ్బ తిన్నది ఇర్వింగ్‌కు ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో, కరోల్టన్‌లో ఉన్న మోస్టెక్. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ నుండి విడివడిన ఇంజనీర్లు 1969లో దీన్ని నెలకొల్పారు. చిరునామా సంకేతాలను రెండు విడతలుగా పంపి, పదహారు కాళ్ల చిన్న చిప్పులో 4 కిలోబిట్ల మెమరీని ఇమిడ్చిన ఘనత వీరిది. తరువాత అందరూ అనుసరించిన పద్ధతి అదే. 1979లో యునైటెడ్ టెక్నాలజీస్ ఈ సంస్థను సుమారు 34.5 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకుంది. 1984లో కొన్ని డాలర్లు పలికిన 64 కిలోబిట్ల చిప్పు మరుసటి ఏడాది డాలరు లోపుకు దిగింది. 1985లో మోస్టెక్ ఆస్తులు ఫ్రెంచి సంస్థ థామ్సన్‌కు 7.1 కోట్ల డాలర్లకు దక్కాయి. మెమరీతోనే పేరు తెచ్చుకున్న ఇంటెల్ కూడా ఆ ఏడాదే డీర్యామ్ తయారీ నుండి తప్పుకుంది.

ఇంత మంచి ఇంజనీర్లున్నా ఎందుకిలా జరిగింది? గుంటూరు మిర్చి రైతుకు ఈ లెక్క చెప్పనక్కరలేదు. ధర బాగున్న ఏడాది అందరూ మిర్చి వేస్తారు. పంట చేతికొచ్చేసరికి ధర ఉండదు. ఒకరి డీర్యామ్‌కూ మరొకరి డీర్యామ్‌కూ కొనేవారి దృష్టిలో పెద్ద భేదం లేదు. రైతు మరుసటి ఏడాది పత్తి వేసుకోగలడు. చిప్పుల కర్మాగారానికి ఆ వెసులుబాటు తక్కువ. కట్టడానికి రెండు మూడేళ్లు, వంద కోట్ల డాలర్ల పైమాటే. ఖర్చంతా ముందే పెట్టేశారు గనుక, ధర పడినా ఉత్పత్తి ఆపడం కన్నా కొనసాగించడమే నష్టం తక్కువనిపిస్తుంది. అందరికీ అలాగే అనిపించడంతో సరుకు మరింత పేరుకుంటుంది.

1995లో విండోస్ 95 రాకతో గిరాకీ అంతులేనిదనిపించింది. కొరియా, తైవాన్, జపాన్ సంస్థలు కొత్త కర్మాగారాలకు పూనుకున్నాయి. 1995 చివర 50 డాలర్లకు అటూ ఇటూగా ఉన్న 16 మెగాబిట్ల చిప్పు మరుసటి ఏడాది ముగిసేలోగా 10 డాలర్ల దరికి వచ్చింది. 1995 సెప్టెంబరులో 90 డాలర్లు దాటిన మైక్రాన్ షేరు 1996లో 20 డాలర్ల కిందికి జారింది. మదుపరులు మోసపోయేది ఇక్కడే. లాభాలు శిఖరాన ఉన్నప్పుడు, వాటితో పోల్చి చూస్తే షేరు చవకగా కనబడుతుంది. నిజానికి అమ్ముకోవలసిన సమయం తరచు అదే.

1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం తోడైంది. మరుసటి ఏడాది హిటాచీతో పాటు ఫుజిత్సు, సీమెన్స్ సంస్థలు ఇంగ్లండులోని తమ కర్మాగారాలను మూసేశాయి. డాలస్‌కు చెందిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తన మెమరీ వ్యాపారాన్ని మైక్రాన్‌కు అప్పగించింది. ప్రతిఫలంలో ప్రధాన భాగం నగదు కాదు: సుమారు 2.9 కోట్ల మైక్రాన్ షేర్లు, రుణపత్రాలు. రెండేళ్లలో మార్కెట్టు మళ్లీ ఎగసింది. 2000లో ఆ షేర్లు అమ్మి టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ భారీ లాభం గడించింది. చిప్పులు చేసి పోగొట్టుకున్న చోటనే, చేయడం మానేసి సంపాదించిందన్నమాట!

హిటాచీ డీర్యామ్ విభాగం ఎన్ఈసీ విభాగంతో కలిసి ఎల్పిడాగా మారింది. 2012 ఫిబ్రవరిలో ఎల్పిడా దివాలా తీసింది; దాని వాటాదారులకు చిల్లిగవ్వ దక్కలేదు. 2013లో దాన్నీ మైక్రానే కొన్నది. పదేళ్ల తరువాత, 2023 ఆర్థిక సంవత్సరంలో, మైక్రాన్‌కు వచ్చిన నష్టం సుమారు 580 కోట్ల డాలర్లు. కారణం మళ్లీ నిల్వలే.