విడి వ్యూఫైండర్ చరిత్ర, జగ్గన్నతోట ప్రభలు

1925లో లైప్‌జిగ్ సంతలో లైట్జ్ సంస్థ లైకా కెమెరాను జనం ముందుంచినప్పుడు, దానికి విప్పరాని 50 మి.మీ. లెన్సు ఒక్కటీ, ఆ లెన్సు అందుకునే మేరను చూపే వ్యూఫైండర్ ఒక్కటీ ఉండేవి. కెమెరా నెత్తిన షూ అనే లోహపు గాడి మాత్రం రేంజ్‌ఫైండర్‌ను, అంటే రెండు ప్రతిబింబాలను ఒకదానిపై ఒకటి కలిపి దూరం తేల్చే విడి పరికరాన్ని, తగిలించుకోవడానికి ఉపయోగపడేది. 1930లో లెన్సులు మార్చే వీలు కలిగి, 1932లో లైకా 2తో రేంజ్‌ఫైండర్ కెమెరాలోనే అమరిపోవడంతో, ఖాళీ అయిన ఆ గాడిలోకి విడి వ్యూఫైండర్ చేరింది. లెన్సు మారినా కెమెరాలోని కిటికీ 50 మి.మీ. మేరనే చూపుతుంది కనుక ఈ అదనపు కన్ను అలంకారం కాదు, అవసరం.

తొలినాళ్ల విడామ్ అనే సార్వత్రిక వ్యూఫైండర్‌లో ఒక కంకణం తిప్పితే వేర్వేరు లెన్సుల మేరలు కనిపించేవి. అయితే దృశ్యం కుడియెడమలు తారుమారై, కెమెరాను నిలువుగా పట్టుకుంటే తలకిందులై అగుపించేది. అలవాటుపడినవారు దీన్ని కూర్పు సరిచూసుకునే సాధనంగా మెచ్చుకున్నా, కదిలే మనుషుల వెంట పోవడానికి అది పనికివచ్చేదనుకోవడం కష్టం. తరువాతి వియూ నమూనా దృశ్యాన్ని సరిగానే చూపింది కానీ, లెన్సు పొడవు పెరిగేకొద్దీ అందులో చట్రం కుంచించుకుపోయి 135 మి.మీ. వద్ద చిన్న గడిగా మిగిలేది. గుండ్రటి బిళ్లపై 28 నుంచి 135 వరకు ఐదు చిన్న కళ్లు అమర్చిన సోవియట్ వ్యూఫైండర్ చవక, దిట్టం, కాస్త మసక.

అసలైన మలుపు డచ్చి సైనికాధికారి వాన్ అల్బడా సూత్రంతో వచ్చింది. అందులో పాక్షికంగా ప్రతిఫలించే గాజు ఒక మెరిసే చట్రాన్ని దృశ్యంపై తేలుతున్నట్టు చూపుతుంది. చట్రానికి వెలుపలి ప్రపంచం కూడా కంటపడుతుంది. ఏది చట్రంలోకి రాబోతోందో ముందే తెలియడం ఎంత విలువైనదో కోనసీమలో కనుమనాడు తెలుస్తుంది. అంబాజీపేట దగ్గర మొసలపల్లి జగ్గన్నతోటకు పరిసర గ్రామాల నుంచి శివుని పదకొండు రూపాలైన ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురు కట్టి రంగుబట్టలతో అలంకరించిన ఆ ఎత్తైన ప్రభలను రైతులు భుజాలపై మోస్తూ, వరిచేలు తొక్కి వస్తారు; కొందరు కౌశిక కాలువనూ దాటుతారు. అడ్డంగా సుమారు 54 డిగ్రీలు చూసే 35 మి.మీ. లెన్సు, దాని మెరిసే చట్రం అక్కడి గుంపుకు సరిపోతాయి; 65 డిగ్రీల 28 మి.మీ. ప్రభ శిఖరాన్నీ మోసేవారి పాదాలనూ కలిపి పట్టుకోగలదు కానీ, దగ్గర నిలబడి కెమెరాను పైకెత్తితే నిలువు గీతలు ఒరిగిపోతాయి.

వ్యూఫైండర్ లెన్సుకు కొన్ని సెంటీమీటర్ల ఎగువన ఉండటం వల్ల అది చూసేదానికీ, ఫిల్ముపై పడేదానికీ వచ్చే తేడాను పారలాక్స్ అంటారు. దూరాన సాగే ప్రభ విషయంలో ఈ తేడా లెక్కలోకి రాదు. మీటరు దూరంలో ప్రభకు బట్ట కడుతున్న చేతుల విషయంలో మాత్రం పైభాగం తెగిపోవచ్చు. 1954 నాటి లైకా ఎం3 ఈ తేడాను తానే సవరిస్తూ 50, 90, 135 చట్రాలను లోపలే చూపింది గనుక, విడి వ్యూఫైండర్ ప్రధానంగా విశాల దృష్టి లెన్సులకే పరిమితమైంది.

నేడు పాత విడి వ్యూఫైండర్ కొనేవారు దాన్ని వెలుతురుకు ఎదురుగా పెట్టి, గాజుల మధ్య అతుకు విడిందా, పాక్షిక అద్దం పూత నల్లబడిందా అని చూడాలి. డెల్టా తేమలో గాజుపై బూజు పాకుతుంది కనుక, గోదావరి పాయలైన గౌతమీ వసిష్ఠల నడుమ ఉండేవారికి గాలి చొరని డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లం తప్పనిసరి.